ఆటో స్టార్టర్‌కి తెలియని సంగతి: చిన్న రైతు, చవక టెక్నాలజీ, నీళ్లు

ఇవాళ ఒక డబ్బా కథతో మొదలుపెడదాం. బోరు మోటారు పక్కన బిగించే ఆటో స్టార్టర్ చూసే ఉంటారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. అర్ధరాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో పాములకీ షాకులకీ భయపడుతూ చేను దగ్గరికి పోయే బాధ తప్పించింది. చవక కూడా. అందుకే ఊరూరా వచ్చేసింది.

కానీ దానికి కరెంటు వచ్చిందని తెలుసు, చేను తడిసిందని తెలీదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. దానికి ముందే ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల్ని అడగాల్సి వచ్చింది. మోటారు ఆగకుండా తిరిగితే బోర్లు ఎండిపోతాయి కదా!

అంటే టెక్నాలజీ చవగ్గా వస్తే సరిపోదా? కాస్త వెనక్కి వెళ్దాం.

1930ల్లో పాలస్తీనాలో సిమ్హా బ్లాస్ అనే నీటి ఇంజనీరు ఒక చెట్టు దగ్గర ఆగాడు. పక్క చెట్ల కంటే అదొక్కటే ఏపుగా పెరిగింది. చూస్తే దాని వేళ్ల దగ్గర పైపు లీకవుతోంది, చుక్క చుక్కగా. ప్లాస్టిక్ పైపులు వచ్చాక ఆ ఆలోచనే డ్రిప్ అయింది. 1965లో హట్జెరిమ్ కిబ్బుత్జ్‌తో కలిసి నెటాఫిమ్ కంపెనీ మొదలైంది. నీళ్లు మిగిలాయి. కానీ పైపులు, ఫిల్టర్లు అన్నీ కలిపి మొదట్లోనే పెద్ద ఖర్చు. రెండెకరాల రైతు ఎక్కడ తెస్తాడు?

దీనికి జవాబు రైతులే కనిపెట్టారు. 1990ల చివర్లో మధ్యప్రదేశ్‌లోని నిమాఢ్ ప్రాంతంలో పత్తి రైతులు పెప్సీ ఐసు పోసే సన్నటి ప్లాస్టిక్ గొట్టం చుట్టలు కొని, చిల్లులు పెట్టి, సాళ్లలో పరిచేశారు. మహా అయితే ఒకట్రెండు సీజన్లు ఆగుతుంది. అయినా అంత ఖర్చే వాళ్లు భరించగలిగేది.

తర్వాత డిజిటల్ వంతు. పుణె ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ తెచ్చిన నానో గణేశ్ ఏం చేస్తుందంటే, ఫోన్ చేసి కోడ్ నొక్కితే మోటారు ఆన్, ఆఫ్. అక్కడ కరెంటుందో లేదో కూడా చెప్తుంది. రైతు చేతిలో అప్పటికే ఉన్న ఫోనే దానికి రిమోట్. ఖర్చు తగ్గింది అక్కడే.

ఇక ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రిచర్డ్ స్టిర్జాకర్ చేసిన కమీలియన్ సెన్సర్. అంకెలుండవు, లైట్లే. నీలం అంటే తడి, ఆకుపచ్చ అంటే పదును, ఎరుపు అంటే బెట్ట. మొజాంబిక్, టాంజానియా, జింబాబ్వే చిన్న రైతులకు ఇచ్చారు. వాళ్లు తడులు తగ్గించారు. అసలు విశేషం, వాళ్లని చూసి సెన్సర్ లేని పక్క రైతులూ తగ్గించారు. అంటే ప్రతి చేనుకీ ఒకటి కొనక్కర్లేదు!

బీటెక్ ఫైనలియర్‌లో నేనూ ఒక మట్టి తేమ సెన్సర్ చేశాను. ఎస్సెమ్మెస్ వస్తుంది, గ్రాఫ్ వస్తుంది. గర్వంగా తీసుకెళ్లి తాత చేలో గుచ్చాను. ఆయన గుప్పెడు మట్టి తీసి ముద్ద చేసి చూసి, "పదునుంది బిడ్డా. మరి నీ డబ్బా ఖరాబైతే ఎవరు బాగుచేస్తరు?" అన్నాడు. నెలలోపే దాని కడ్డీలు తుప్పు పట్టాయి. నేను అప్పటికే హైదరాబాద్‌లో ఉన్నాను.

ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు. చవక అంటే కొనే రోజు ధర ఒక్కటే కాదు. పాడైతే ఊళ్లోనే బాగవ్వాలి, చదువు లేకపోయినా చూడగానే అర్థమవ్వాలి, నలుగురికీ పనికిరావాలి. కరెంటు వచ్చిందని చెప్పే డబ్బా ఊరూరా ఉంది. "చాలు, ఆపు" అని చెప్పే డబ్బా కూడా అంత సులువుగా దొరికిన రోజే బోర్లలో నీళ్లు మిగులుతాయి.

మీ ఊళ్లో ఎవరైనా ఇలాంటిది వాడుతుంటే కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.