ఒడి, మడి, మడిలు: బాలింతకు ఇచ్చే కానుకల చరిత్ర

గుడికీ, గురువు దగ్గరికీ, బాలింత ఇంటికీ ఉత్తచేతులతో వెళ్ళకూడదని మన పెద్దలు అనేవారు. పోయిన ఏడు మా తరగతిలో ఒక విద్యార్థిని ఈ మాటే ఎత్తింది. "మా అక్కకు కాన్పయింది. చూడబోతున్నాను. ఏమి తీసుకుపోతే పనికొస్తుంది?" అని అడిగింది. తక్కినవారు తలా ఒకటి చెప్పారు: గిలక్కాయ, దోమతెర, ఉన్ని టోపీ, వెండి మొలతాడు. అన్నీ బిడ్డకు పనికొచ్చేవే. ఆ అమ్మాయి అడిగింది మాత్రం అక్క సంగతి.

ఈ చిన్న పొరపాటు వెనక ఒక చరిత్ర ఉన్నదని మాకు అనిపించింది. ఒకప్పుడు కానుక తల్లికి చేరేది. క్రమంగా అది ఉయ్యాల వైపు జరిగింది. ఆ జరుగుబాటును మన సరిహద్దు ఊళ్ళలోని మాటల సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట ఆ స్త్రీకి ఉన్న పేరు చూద్దాం. తెలుగులో బాలింత, బాలెంత అనే రూపాలున్నాయి. కన్నడంలో బాణంతి, మరాఠీలో బాళంతీణ. తెలుగు, మరాఠీ రూపాల్లో 'బాల' శబ్దం వినిపిస్తుంది. అంటే ఆమెకు పేరు బిడ్డను బట్టే వచ్చింది. అయితే ఆ పేరు నుంచి పుట్టిన మాటలు మాత్రం ఆమె చుట్టూనే తిరుగుతాయి. బాలింతకు చేసే సేవలన్నిటినీ కలిపి కన్నడిగులు బాణంతన అంటారు. మరాఠీవారు బాళంతపణ్ అంటారు. చూడవచ్చిన బంధువులు తల్లీబిడ్డలకు తెచ్చే బట్టలూ సామగ్రీ మరాఠీలో బాళంతవిడా. పాలు పడతాయని ఆమెకు పెట్టే సోయికూర గింజలకైతే బాళంతశేపా అనే పేరే స్థిరపడింది. వంటింటి దినుసుకు కూడా బాలింత పేరు పెట్టిన సమాజం ఆమెను మరచిపోయిందనుకోవడానికి వీల్లేదు.

మన బారసాల సంగతి ఇంకా ఆసక్తికరం. దీనికి బాలసారె అనే రూపం కూడా ఉంది. సారె అంటే పుట్టింటివారు పంపే సామగ్రి. బాలసారెలోని ల, ర తారుమారైతే బారసాల అవుతుంది; భాషాశాస్త్రంలో దీన్ని వర్ణవ్యత్యయం అంటాం. కాని మరాఠీలో నామకరణాన్ని బారసే అంటారు. అక్కడ బారా అంటే పన్నెండు. పన్నెండోనాటి వేడుక కనుక ఆ పేరు. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాల కిందట సోలాపూర్ చేరిన పద్మశాలి కుటుంబాల పిల్లలకు ఈ రెండు మాటలూ చెవిన పడుతూనే ఉంటాయి. ఏది మూలమని తగాదా పడేకంటే, ఒకే ఇంట్లో ఒకరు కానుకను తలచుకొని, మరొకరు రోజులు లెక్కపెట్టుకొని ఒకే పండగ చేసుకున్నారని గ్రహించడం మేలు. బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువారికి ఇరుగుపొరుగున ఒడియావారి ఎకోయిశియా కనిపిస్తుంది. అది ఇరవై ఒకటోనాటి వేడుక.

ఇక అసలు మాట 'ఒడి'. కూతురికి ఒడిబియ్యం పోస్తాం. సారె పెట్టి ఒడి నింపుతాం. ఉత్తర కర్ణాటకలో అదే ఉడి తుంబువుదు. మరాఠీలో ఓటీ భరణే. దక్షిణ కన్నడంలో ఒడిని మడిలు అంటారు, తమిళంలో మడి అంటారు. మేము పెరిగింది హోసూరులో. ఒకే వీధిలో మూడు భాషలు. తమిళ పిల్లవాడు 'అమ్మ మడి' అంటే అమ్మ ఒడి. మా ఇంట్లో మడి అంటే తడిబట్ట, ముట్టుకోకూడదనే మాట. చిన్నప్పుడు ఈ రెండు మడులూ కలగాపులగమై నవ్వులపాలైన సందర్భాలు ఉన్నాయి. తరువాత ఆలోచిస్తే బాలింత చరిత్ర అంతా ఈ రెండు మడుల మధ్యనే నడిచినట్టు తోచింది. ఒక మడి ఆమెను దూరం పెట్టింది. ఇంకొక మడి ఆమెకు నింపి ఇచ్చింది.

నింపి ఇచ్చినదేమిటి? మిరియాలు, పిప్పళ్ళు, శొంఠి, మోడి, వాము దంచి, బెల్లం పాకంలో నేతితో కలిపిన కాయం. నువ్వులనూనె, వావిలాకు వేసి కాచిన స్నానపు నీళ్ళు, నడుముకు చుట్టే గుడ్డ, పాత నేతచీరలతో కుట్టిన బొంత. గోదావరి పాయ ఒడ్డునున్న యానాం మొదలు తమిళతీరం దాకా పాలసొరను పొడిపొడిగా వండి పెట్టే అలవాటు ఉంది. పాలు పడతాయని నమ్మకం. ఉత్తర కర్ణాటకలో అంటిన ఉండె, మహారాష్ట్రలో డింకాచే లాడూ. రెండూ తినే బంకతో చేసిన ఉండలే. తమిళనాట లేగియం. పేర్లు మారినా ఉద్దేశం ఒకటే: ప్రసవంతో అలసిన ఒంటికి వేడి, కొవ్వు, తీపి అందించడం.

ఈ ఆచారానికి వయసు చాలా ఉంది. చరకసంహిత శారీరస్థానం 8వ అధ్యాయంలో, ఆకలిగొన్న బాలింతకు పిప్పలి, పిప్పలీమూలం, చవ్యం, చిత్రకం, శృంగవేరం చూర్ణం కలిపిన నెయ్యి గాని నూనె గాని తాగించమనీ, కడుపుకు పెద్ద గుడ్డ చుట్టమనీ ఉంది. పిప్పలీమూలమే మన మోడి, శృంగవేరం అల్లం. మన అమ్మమ్మలు చరకుణ్ణి చదవలేదు. అయినా వారి కాయం డబ్బాలోనూ, నడికట్టులోనూ ఆ పరంపర కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద కానుక ఏ మూటలోనూ ఉండేది కాదు. తొలి కాన్పు పుట్టింట జరగాలన్న నియమమే ఆ కానుక. మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా కూతురు అత్తవారింటి పొయ్యి ముందు కూర్చోనక్కరలేదు. ఆమె బదులు నీళ్ళు తోడేందుకు తల్లి, రాత్రి బిడ్డను ఎత్తుకునేందుకు పిన్ని, ఒళ్ళు పిసికేందుకు మంత్రసాని ఉండేవారు. ఆ మంత్రసానికి చీరా, చాటలో బియ్యమూ పెట్టడం కూడా కానుకల లెక్కలోనిదే. ఆమె పనికి తగినంత ముట్టిందా అన్నది వేరే ప్రశ్న. చాలాచోట్ల ముట్టలేదనే చెప్పాలి.

ఇంతమాత్రాన పాతదంతా బంగారమని మేము అనబోవడం లేదు. రెండో మడి సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. పురుడు అంటే కాన్పు, పురుడు అంటే అంటు కూడా. పది రోజులు ఆమెను గాలి ఆడని గదిలో, చినిగిన చాపమీద, కుంపటి పొగలో ఉంచేవారు. ఒడియావారి అంతుడిశాళ కూడా అటువంటి ప్రత్యేకపు గదే. విశ్రాంతి దొరికింది, నిజమే. కాని గౌరవంతో కాదు, దూరంతో. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇస్తే పొట్ట పెరుగుతుందని గుక్కెడు గుక్కెడుగా కొలిచి పోసేవారు. మా ఇంట్లోనే మా అక్క దాహానికి తాళలేక స్నానపు చెంబులోని నీళ్ళు చాటుగా తాగిందని పెద్దయ్యాక చెప్పింది. ఆమెకు కాయం ఉండలు తెచ్చినవారు పదిమంది ఉన్నారు. ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చినవారు లేరు. పాలిచ్చే తల్లికి నీళ్ళు మరింత అవసరమని నేడు మనకు తెలుసు. అలాగే ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసేవారు. బిడ్డకు తొలి గంటలోనే పట్టవలసిన పాలు అవి.

గత నలభై ఏళ్ళలో పుట్టింటి సారెకు తోడుగా ప్రభుత్వ సారె వచ్చింది. తమిళనాట ముత్తులక్ష్మీ రెడ్డి పేరుతో 1987లో ప్రసూతి సహాయ పథకం మొదలైంది. 2015లో అక్కడే ప్రభుత్వాసుపత్రుల్లో కన్న తల్లులకు 16 వస్తువుల పెట్టె ఇచ్చారు. అందులో ఎక్కువ భాగం బిడ్డవే. అయినా తల్లికి సబ్బు, సౌభాగ్య శుంఠి లేహ్యం చేర్చారు. కర్ణాటక 2007లో ఇచ్చిన సంచి పేరే మడిలు. అందులో తల్లికి దుప్పటి, సబ్బు, శుభ్రమైన గుడ్డలు, కడుపుకు కట్టుకునే బట్ట ఉండేవి. చరకుడు చెప్పిన గుడ్డ ప్రభుత్వ జాబితాలో చేరిందన్నమాట. తెలంగాణలో 2017లో మొదలైన కిట్‌లో తల్లికి చీరలు పెట్టారు. దానితోపాటు మగబిడ్డయితే 12,000, ఆడపిల్లయితే 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు. ఆడపిల్ల పుట్టిన ఇంట బాలింత ముఖం చూడని బంధువులు ఉన్న దేశంలో ఆ వెయ్యి రూపాయల తేడాకు అర్థం ఉంది.

ఈ ప్రయత్నాల అవసరం ఎంతటిదో ఒక లెక్క చెబుతుంది. 2018-20 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు దేశంలో 97. ఒడిశాలో 119, కర్ణాటకలో 69, తమిళనాడులో 54, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, మహారాష్ట్రలో 33. సరిహద్దు దాటితే భాషే కాదు, బాలింత బతికే అవకాశం కూడా మారుతోంది. ఈ మరణాల్లో పెద్ద భాగం కాన్పు సమయంలోనూ, తరువాతి రోజుల్లోనూ జరుగుతాయి.

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. పుట్టిల్లు దూరమైన తల్లికి ఏమివ్వాలి? సోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగు స్త్రీకి చాట ముందు కూర్చోని రోజు కూలి లేని రోజు. 2017లో ప్రసూతి సెలవును తొలి ఇద్దరు పిల్లలకు 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఇంట్లోనే కూర్చొని పని చేసేవారికి ఆ సెలవు అందడం అంత సులువు కాదు. అటువంటి ఇంటికి వెండి గిన్నెకంటే పది రోజుల కూలికి సరిపడే డబ్బు మేలు. అదీ ఆమె చేతికే ఇవ్వాలి. అది ఒడి నింపడమే.

తక్కినవారు ఒక క్యారియర్‌లో వేడి అన్నం, పప్పు, ఆకుకూర తీసుకువెళ్ళవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మునగాకు, తోటకూర, నువ్వుల ఉండలు మంచివే. అయితే అవి మందుకు బదులు కావు. కాన్పు తరువాత 180 రోజులు వేసుకోవలసిన ఇనుము మాత్రలు ఆమె వేసుకుంటున్నదో లేదో అడగడం కూడా కానుకే. మంచినీళ్ళకు ఒక పెద్ద ఫ్లాస్కు, పాలివ్వడానికి వీలైన రెండు నూలు నైటీలు, శుభ్రమైన గుడ్డలు తీసుకువెళ్ళండి. పాలడబ్బా తీసుకువెళ్ళకండి, తల్లిపాలకు అడ్డు రాకూడదనే 1992 నాటి చట్టం ఆ డబ్బాల ప్రకటనలనూ, తల్లులకు ఉచిత నమూనాలు పంచడాన్నీ నిషేధించింది. బిడ్డ నాలుకకు తేనె రాయడం కూడా ప్రమాదమే.

వెళ్ళిన చోట అతిథిగా కూర్చోకండి. కాఫీ ఆమె చేత పెట్టించుకోకండి. పెద్దపిల్లను బడికి దింపండి, గుడ్డలు ఆరవేయండి, రెండు గంటలు బిడ్డను ఎత్తుకొని ఆమెను నిద్రపోనివ్వండి. ఎక్కువగా రక్తం పోతున్నా, జ్వరం వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వారాల తరబడి ఊరికే ఏడుస్తూ, దేనిమీదా మనసు లేకుండా ఉంటే 'బాలింతలకు మామూలే' అని తోసిపుచ్చకండి. అది వైద్యంతో నయమయ్యే జబ్బు కావచ్చు.

ఆ విద్యార్థిని చివరికి ఏమి తీసుకువెళ్ళిందో తరువాతి వారం చెప్పింది. కాయం కాదు, బొమ్మ కాదు. నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళి, రాత్రిళ్ళు బిడ్డను తాను చూసుకుందట. "అక్క వరసగా అయిదు గంటలు నిద్రపోయింది సార్, అదే ఇచ్చాను" అన్నది. పుట్టింటి సారెలో ముఖ్యమైన వస్తువును ఆమె తెలియకుండానే తీసుకువెళ్ళింది.

ఈ సంచిక చదివే విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి: మీ కాన్పుకు ఎవరు ఏమి తెచ్చారు, దాన్ని ఏ మాటతో పిలిచారు, ఏది మీకు నిజంగా పనికొచ్చింది, ఏది మిమ్మల్ని బాధపెట్టింది? వారు చెప్పిన మాటను వారి ఉచ్చారణలోనే రాసి పంపండి. కన్నడమో, మరాఠీయో, ఒడియానో కలిసిందని దిద్దకండి. ఆ కలయికే మన చరిత్ర.