కొల్లేటి లంకకు మనోవైద్యం: ఖర్చెంత, ఫలమెంత?

ముఖంపై చిన్న మచ్చ, కాస్త వంకరగా తోచే ముక్కు, పలచబడిన జుట్టు. ఇతరుల కంటికి ఆనని లోపాన్ని తలచుకుంటూ రోజూ గంటల తరబడి కుంగిపోయే వ్యాధికి ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి 1891లో డిస్మార్ఫోఫోబియా అని పేరు పెట్టాడు. నేడు దానిని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటున్నాము. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథంలో ఈ పేరు 1987లో చేరింది. 2013 నాటి అయిదవ కూర్పు దీనిని ఓసీడీ కుటుంబంలో చేర్చింది. మన డెల్టాలో బోదకాలు వచ్చినవారి సిగ్గు వేరు. అక్కడ వాపు కంటికి కనిపిస్తుంది. ఇక్కడ లోపం స్వల్పం, ఒక్కొక్కసారి శూన్యం. బాధ మాత్రం నిజం. ఈ రోగులలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ కనుక వయసు చేష్ట అని తీసిపారేయరాదు.

ఇటువంటివారు మనోవైద్యుని దగ్గరకు నేరుగా రారు. ముందు మందుల దుకాణానికి, తరువాత చర్మవైద్యునికి, స్తోమత ఉంటే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకు పోతారు. మన దేశంలో 1975 నుండి అమ్ముడవుతున్న ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మార్చుకున్నది. పేరు మారినంత తేలికగా రంగు మీది మోజు మారదు లెండి! శస్త్రచికిత్స చేయించుకున్నా ఎక్కువమందికి తృప్తి కలగదు. ముక్కు మీది చింత గడ్డం మీదికి మారుతుంది. ఖర్చు లెక్క వేసేవారు ఈ వృథా వ్యయాన్ని కూడా పద్దులో రాయాలి.

పనిచేసే చికిత్సలు రెండు ఉన్నాయి. ఓసీడీకి వాడే కొన్ని మందులు ఒకటి, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ రెండవది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2005లోనే తన మార్గదర్శకాలలో ఈ రెండింటినీ సూచించింది. అద్దం చూసుకోవడం తగ్గించడం, మచ్చను కప్పుకోకుండా నలుగురిలోకి వెళ్ళడం వంటివి ఈ థెరపీలో క్రమంగా అభ్యాసం చేయిస్తారు. ఒక్క రోజుతో తీరేది కాదు, వారాల తరబడి సాగాలి.

ఇప్పుడు ఆకివీడు వైపు లంక గ్రామంలోని ఒక ఆడపిల్లను ఊహించండి. వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు పట్నానికి రావాలి. ఒంటరిగా పంపరు, తోడు ఒకరు. ఇద్దరికీ కలిపి ఇరవై నాలుగు రోజుల పని పోతుంది. చేపల చెరువుల మీద కూలికి పోయే ఇంటికి అది థెరపిస్టు ఫీజు కంటే పెద్ద మొత్తం కావచ్చు. ఊరిలో ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలన్న భయం అదనం.

సేవలు ఇంటికి దగ్గరైన క్రమం నెమ్మదిగానే సాగింది. ఒకప్పుడు ఏలూరు వారికి ప్రభుత్వ మానసిక వైద్యశాల అంటే మూడు వందల కిలోమీటర్లకు దగ్గరగా ఉన్న విశాఖపట్నమే. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చింది. 1996లో జిల్లా కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలైనప్పుడు మన రాష్ట్రం నుండి ఎంపికైనది మెదక్. 2007లో 104 ఫోను సలహా వచ్చింది. 2019 నవంబరులో ఈ-సంజీవని దూరవైద్యాన్ని ఆరోగ్య కేంద్రాలలో తొలుత అమలు చేసింది ఆంధ్రప్రదేశే. కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వెలువడ్డాయి. 2022 అక్టోబరు 10న టెలి-మానస్ ప్రారంభమయింది.

అయితే ఫోనులో ఓదార్పు వేరు, ఆన్‌లైన్ థెరపీ వేరు. ఈ తేడాను స్వీడన్ వైద్యులు 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరిశోధన చూపింది. 94 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పన్నెండు వారాల ఇంటర్నెట్ పాఠాలు, అభ్యాసాలు ఇచ్చారు. థెరపిస్టు ముఖాముఖి కలవలేదు, రాతపూర్వకంగా సలహాలిచ్చారు. రెండవ జట్టుకు ఆన్‌లైన్‌లోనే సానుభూతితో కూడిన మాటల సాయం అందించారు. మొదటి జట్టులో 56 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు కలిగింది. రెండవ జట్టులో 13 శాతం మందికే. అంటే మేలు చేసింది ఇంటర్నెట్ కాదు, దాని ద్వారా అందిన క్రమబద్ధమైన అభ్యాసం. తీవ్రమైన ఆత్మహత్య ప్రమాదం ఉన్నవారికి మాత్రం ఈ పద్ధతి చాలదు; వారిని వైద్యుడు నేరుగా చూడవలసిందే.

ఖర్చు తగ్గే కిటుకు ఇక్కడే ఉన్నది. పాఠాన్ని ఒకసారి రాస్తే వేలమంది చదవవచ్చు. ఒక్కొక్క రోగి మీద థెరపిస్టు వెచ్చించే సమయం ముఖాముఖి కంటే చాలా తక్కువ. కానీ ఆ కొద్ది సమయాన్నీ మిగిల్చుకుందామని థెరపిస్టును తీసివేస్తే, రోగి మూడవ పాఠం దగ్గరే ఆగిపోవచ్చు. అది చవక కాదు, దండుగ.

స్వీడన్ లెక్క తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీ విద్యార్థికి చాలావరకు సరిపోవచ్చు. అతని చేతిలో సొంత ఫోను, గదిలో కొంత ఏకాంతం ఉంటాయి. లంకలోని పిల్ల దగ్గర ఉండేది అన్న ఫోను. ఆమెకు ఇంగ్లీషు నుండి అనువదించిన పాఠం కాక, మన మేనిఛాయ ఎత్తిపొడుపులు, పెళ్ళిచూపుల సంగతి తెలిసినవారు తెలుగులో రాసిన పాఠం కావాలి. గ్రామ ఆరోగ్య కేంద్రంలో వారానికి అరగంట తలుపు వేసుకునే గది, ఒక ట్యాబ్, ఆమె చదివినదీ లేనిదీ చూసే ఏఎన్ఎం ఉంటే బస్సు చార్జీలు, పోయిన కూలి చాలావరకు మిగులుతాయి. అప్పటిదాకా తొలి మెట్టుగా టెలి-మానస్ 14416 ఉన్నది. పిలుపు ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.