గాలిలో వేలాడిన పుస్తకాల బీరువాలు

రికార్డు రూములో అడుగు పెడితే ముందు కనిపించేది ఇనుప గోడ. బీరువాకు బీరువా ఆనుకుని ఉంటుంది, మనిషి దూరే సందు కూడా ఉండదు. గుమాస్తా వచ్చి పక్కనున్న చక్రం తిప్పుతాడు. దాని వెనక గొలుసు, పళ్లచక్రాలు కదులుతాయి. ఫైళ్లతో నిండిన బీరువాలు పట్టాల మీద మెల్లగా జరిగి, కావలసిన చోట దారి ఇస్తాయి. మన ఆఫీసుల్లో దీన్ని కాంపాక్టర్ అంటారు. పది దారులకు బదులు ఒక్క దారి; మిగతా చోటంతా కాగితాలదే.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. 1857లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో గుండ్రటి రీడింగ్ రూము తెరిచారు. పుస్తకాల కోసం దాని చుట్టూ ఇనుముతో అరలు కట్టారు. నిప్పు భయంతో అక్కడ గ్యాసు దీపాలు పెట్టలేదు. పైకప్పు అద్దాల్లోంచి వెలుతురు కింది అంతస్తు దాకా దిగాలని నేలను ఇనుప జాలీతో వేశారు, దారులు విశాలంగా వదిలారు. కానీ కాపీరైటు చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన పుస్తకాలన్నీ అప్పట్లో అక్కడికి చేరాల్సి ఉండేది. మూడు దశాబ్దాలు గడిచేసరికి చోటు ఇరుకైంది.

దారి చూపింది ఓ చిన్న గ్రంథాలయం. 1886 చివర్లో మ్యూజియం ఉద్యోగి హెన్రీ జెన్నర్, తూర్పు లండన్‌లో పేదలుండే బెత్నల్ గ్రీన్‌కు వెళ్లారు. అక్కడి ఉచిత గ్రంథాలయంలో బీరువా ముందు మరో కదిలే బీరువా కనిపించింది. తిరిగొచ్చి మ్యూజియం గ్రంథాలయంలోనే పనిచేసే రిచర్డ్ గార్నెట్‌కు చెప్పారు.

గార్నెట్ ఆ ఉపాయాన్ని తమ భవనానికి తగ్గట్టు మలిచారు. 1887లో, ఉన్న బీరువాల ముందు కొత్తవాటిని పైకమ్మీలకు వేలాడదీశారు. అవి నేలను తాకవు. పిడి పట్టి లాగితే రోలర్ల మీద ముందుకొస్తాయి, వెనకున్న పుస్తకాలు చేతికందుతాయి. వెలుతురు కోసం వదిలిన దారులే మ్యూజియాన్ని కాపాడాయి. ఆ మ్యూజియం అప్పట్లో మన పుస్తకాలకూ ఇల్లే: అక్కడి తెలుగు పుస్తకాలకు ఎల్.డి. బార్నెట్ కూర్చిన పట్టిక 1912లో వెలువడింది.

అదే 1912లో ఆక్స్‌ఫర్డ్‌లో, రాడ్‌క్లిఫ్ కెమెరా అనే గ్రంథాలయ భవనం పక్కన నేల కింద పుస్తకాల గిడ్డంగి పూర్తయింది. అందులోని కదిలే అరల నమూనా బ్రిటన్ మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్‌ది. ఇప్పుడు ఆ చోటి పేరు గ్లాడ్‌స్టన్ లింక్. స్విట్జర్లాండ్‌లో హాన్స్ ఇంగోల్డ్ 1940లలో తెచ్చిన కాంపాక్టస్ అనే అమరికతో ఈ కదిలే బీరువాలు ఆఫీసులకు పాకాయి.

చోటు కలిసొచ్చినా బరువు ఎక్కడికీ పోదు. దారులు పోయి ఆ చోటా కాగితాలే నిండితే, నేల మీద భారం ఇంచుమించు రెట్టింపు. అందుకే కింది అంతస్తులో పెట్టడం మేలు. పై అంతస్తయితే ముందు స్లాబు బలం ఇంజనీరు చూడాలి. అరలు మూసి వదిలేస్తే గాలాడదు, వానాకాలంలో కాగితం చెమ్మ పీలుస్తుంది. చక్రం మీద చెయ్యి వేసేముందు గుమాస్తా మాత్రం అరల మధ్యకు తొంగిచూసి, ఒక కేక వేయాల్సిందే: "లోపల ఎవరైనా ఉన్నారా?"