ఇండియా వెళ్లొచ్చాక జ్వరమా? మలేరియా లేని దేశాల్లో ఆసుపత్రులు ఎంత సిద్ధం?

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ఉంటున్న కుటుంబం సెలవులకు సొంతూరికి వచ్చి వెళ్తుంది. రెండు వారాల తర్వాత ఒకరికి చలితో జ్వరం మొదలవుతుంది. అక్కడి డాక్టర్‌కు ముందు గుర్తొచ్చేది ఫ్లూ. రోగి ప్రయాణం సంగతి చెప్పకపోయినా, డాక్టర్ అడగకపోయినా విలువైన సమయం పోతుంది.

లేని దేశంలో మలేరియా ఎలా?

అమెరికాలో 1951లోనే మలేరియా నిర్మూలన జరిగింది. అయినా ఏటా దాదాపు 2,000 కేసులు బయటపడుతుంటాయి. ఇంచుమించు అన్నీ బయటి దేశాల్లో సోకినవే. వీటిని దిగుమతి కేసులంటారు. బ్రిటన్‌లో ఇవి 2022లో 1,369 ఉంటే, 2023లో 2,004కు చేరాయి.

ముప్పు ఎవరికి?

విహారయాత్రకు వెళ్లేవారి కంటే సొంతవాళ్లను చూడటానికి వెళ్లేవారికే ముప్పు ఎక్కువ. పుట్టి పెరిగిన ఊరే కదా అని ముందు జాగ్రత్త తీసుకోరు. కానీ ఏళ్ల తరబడి బయట ఉంటే మలేరియాను తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అక్కడే పుట్టిన పిల్లలకు అది అసలే ఉండదు.

ఎందుకంత తొందర?

మలేరియాలో ప్రాణాంతకమైనది ఫాల్సిపారం రకం. దోమ కుట్టిన వారం తర్వాత ఎప్పుడైనా, ఎక్కువగా నెలలోపు లక్షణాలు కనిపిస్తాయి. చికిత్స ఆలస్యమైతే మెదడు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మన దేశంలో కనిపించే మరో రకం వైవాక్స్. ఇది కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. అప్పటికి ప్రయాణం సంగతి రోగికే గుర్తుండకపోవచ్చు. దీన్ని పూర్తిగా తొలగించేందుకు ప్రైమాక్విన్ లాంటి మందు ఇస్తారు. అంతకుముందు జి6పీడీ పరీక్ష చేయాలి.

సిద్ధంగా ఉండటమంటే?

* ప్రశ్న: జ్వరంతో వచ్చిన ప్రతి ఒక్కరినీ 'ఈమధ్య ఏ దేశం వెళ్లొచ్చారు?' అని అడగాలి. దీనికి పైసా ఖర్చు లేదు.
* పరీక్ష: రక్తపరీక్ష ఫలితం అదే రోజు రావాలి. ఒకసారి నెగెటివ్ వస్తే సరిపోదు. అనుమానం ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ చేయాలి. కేసులు అరుదైన చోట ల్యాబ్ సిబ్బందికి మైక్రోస్కోప్‌లో పరాన్నజీవిని గుర్తుపట్టే అలవాటు తగ్గిపోతుంది.
* మందు: తీవ్ర మలేరియాకు ఇంజెక్షన్‌గా ఇచ్చే ఆర్టెసునేట్‌కు అమెరికాలో 2020 మేలో అనుమతి వచ్చింది. అంతకుముందు ఆసుపత్రులు దాన్ని సీడీసీ నుంచి ప్రత్యేకంగా తెప్పించుకోవాల్సి వచ్చేది.
* సలహా: అనుభవం లేని డాక్టర్లకు నిపుణులు ఫోన్‌లో దొరకాలి. సీడీసీ ఇందుకోసం 24 గంటల సేవ నడుపుతోంది.

ఇది ఒక్క రోగి సమస్యేనా?

కాదు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమలు అమెరికాలో ఇప్పటికీ ఉన్నాయి. 2023లో ఫ్లోరిడా, టెక్సస్, మేరీలాండ్, ఆర్కన్సా రాష్ట్రాల్లో విదేశం వెళ్లనివారికీ మలేరియా సోకింది. రక్తదానం ద్వారా వ్యాపించే జబ్బులూ ఉన్నాయి. లాటిన్ అమెరికా నుంచి వలసలు ఎక్కువగా ఉన్న స్పెయిన్, అక్కడి నుంచి వచ్చే చాగస్ వ్యాధి కోసం రక్తదాతలను పరీక్షించేలా 2005లోనే నిబంధన తెచ్చింది.

మీరు ఏం చేయాలి?

* ప్రయాణానికి కొన్ని వారాల ముందే డాక్టర్‌ను కలవండి. హైదరాబాద్ అనో, విశాఖ అనో ఊరుకోకుండా ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్తుంటే అదీ చెప్పండి. మాత్రలు అవసరమో కాదో వెళ్లే చోటును బట్టి తేలుస్తారు.
* ఇచ్చిన మాత్రలను తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వేసుకోండి. దోమతెర, దోమల క్రీమ్ వాడండి.
* తిరిగొచ్చాక ఏడాదిలోపు జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఎవరూ అడగకపోయినా, వెళ్లిన ఊరు, తేదీలు చెప్పి మలేరియా పరీక్ష చేయమని అడగండి.