మా ఊళ్ళో చెత్త ఉండేది కాదు!

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి గార్బేజ్ కలెక్షన్ అనగానే ముందు జావా గుర్తొస్తుంది. ఏ ఆబ్జెక్టుకైతే ఇక ఎవరి రిఫరెన్సూ మిగల్లేదో అదే చెత్త అని దాని లెక్క. ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంతకాలం దాన్ని ముట్టుకోదు. ఈ లెక్కన చూస్తే, నా చిన్నప్పుడు కరీంనగర్ జిల్లాలో మా ఊళ్ళో చెత్త అనేదే లేదు!

నమ్మరా? వినండి మరి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలోకి పోయేవి, అక్కణ్ణుంచి బర్రె కడుపులోకి. పేడ, పొయ్యిల బూడిద, వాకిలి ఊడ్చిన కసువు పెంటకుప్ప మీదికి. ఎండాకాలంల ఆ పెంటంతా ఎడ్లబండ్ల మీద పొలానికి తోలేవాళ్ళు. పాత చీరలు బొంతలయ్యేవి. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చేవాడు వీధి మొదట్ల కేకేస్తే, పిల్లలం విరిగిన మేకుల కోసం ఇల్లంతా వెతికేవాళ్ళం.

ఆదిలాబాద్ వైపు ఇంకా పాత కథ ఉంది. ఉషేగావ్, కేస్లాగూడ లాంటి ఊళ్ళలో ఓజా కళాకారులు మైనంతో బొమ్మ చేసి, దానిపై మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. పగిలిన పాత ఇత్తడి సామానే గోండుల దేవుడి దగ్గర గంటగా మారొచ్చన్నమాట. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. మనం రీసైక్లింగ్ అని ఇప్పుడు గొప్పగా చెప్పుకునేది వాళ్ళకి తాతల నాటి పని.

అలాగని పాతకాలాన్ని నెత్తికెత్తుకోవడం నా ఉద్దేశం కాదు. మనుషుల మలాన్ని చేతులతో ఎత్తే పనిని కొన్ని కులాల మీద రుద్దిందీ ఆ కాలమే. దాన్ని ఆపడానికి 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చెయ్యాల్సి వచ్చింది. 'మన చెత్త ఎవరో ఎత్తుతారు' అన్న ధీమా మనకి అక్కణ్ణుంచే వచ్చిందని నా అనుమానం.

సరే, తర్వాతేమైంది? ప్లాస్టిక్ కవరొచ్చింది, షాంపూ ప్యాకెట్టొచ్చింది. ఆ ప్యాకెట్లో రకరకాల పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, విడదియ్యలేం. పాత సామాన్లాయన కూడా వద్దంటాడు. అంటే దానికి ఎవరి రిఫరెన్సూ లేదు. అంతకంటే పెద్ద తప్పు, అన్నీ ఒకే సంచిలో వెయ్యడం మొదలుపెట్టాం. పప్పు తగిలిన కాగితం కొనేవాడు లేడు, గాజు ముక్కలున్న ఎరువు పొలంలో వేసుకునే రైతూ లేడు. విడివిడిగా ఉంటే రెండిటికీ ధర ఉంది, కలిపితే రెండూ చెత్తే. కరీంనగర్‌లో మానేరు ఒడ్డున పేరుకున్న గుట్ట అలా తయారైందే.

ఈ ముడి విప్పిన ఊళ్ళు మనకి దగ్గర్లోనే ఉన్నాయి. అప్పటి నల్గొండ జిల్లా సూర్యాపేటలో 2000ల మొదట్లో కమిషనర్ ఖాదర్ సాహెబ్ వీధుల్లో చెత్తకుండీలు తీసేయించి, ఇంటింటికీ బండి పంపి, తడి చెత్త వేరు పొడి చెత్త వేరు అన్నారు. 2012 అక్టోబరులో వరంగల్‌లో ఇదే పనిని ఏకంగా పోటీగా పెట్టారు. రాష్ట్రంలోని మిగతా మున్సిపాలిటీల వాళ్ళు వచ్చి, వార్డులు పంచుకుని, ఇల్లిల్లూ తిరిగి జనానికి నేర్పారు. దేశమంతటికీ మూడు రకాలుగా వేరుచెయ్యాలన్న నియమాలు 2016లో గానీ రాలేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలోని ముఖరా(కె). 2019లో మొదలైన పల్లె ప్రగతిలో ఊరూరికీ ట్రాక్టరు, కంపోస్టు షెడ్డు వచ్చాయి. చాలాచోట్ల ఆ షెడ్డు షెడ్డుగానే మిగిలింది. గాడ్గే మీనాక్షి సర్పంచ్‌గా ఉన్న ముఖరా(కె) మాత్రం తడి చెత్తతో వర్మీ కంపోస్టు చేసి అమ్మింది. వచ్చిన డబ్బులోంచి 2022లో 4 లక్షలు పెట్టి సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకుంది. మా నాయనమ్మ పెంటకుప్పే, కాకపోతే ఈసారి దానికి అకౌంటు పుస్తకం ఉంది!

ఈ మూడు చోట్లా యంత్రాలు పెద్దగా లేవు. ఇంటి దగ్గరే వేరుచెయ్యడం, వేరుచేసినదాన్ని మళ్ళీ కలపకపోవడం, అంతే. ఇన్‌పుట్ దగ్గర వాలిడేషన్ పెట్టకుండా చివర్లో డేటా శుభ్రం చేద్దామనుకుంటే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన పండక్కి ఇంటికెళ్ళినప్పుడు ఒక గాజు గ్లాసు నా చేతిలో పగిలింది. పెంకులన్నీ అన్నం మెతుకులున్న కవర్లోనే వేసి ముడేశాను. పొద్దున చెత్తబండి ఆమె ఆ కవరు పట్టుకుంది. అరచెయ్యి తెగింది. "సీసపెంకులున్నయని ఒక్కమాట చెప్పద్దా సారూ?" అంది, అంతే. అమ్మ పసుపు తెచ్చింది. నేను ఇరవయ్యేళ్ళ ఎక్స్‌పీరియన్సుతో అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు మా ఇంట్లో మూడు డబ్బాలున్నాయి. గాజు పగిలితే కాగితంలో చుట్టి, పైన పెద్దక్షరాలతో రాసి, చేతికిచ్చి చెప్తాను. మీ ఇంట్లో ఎన్ని డబ్బాలున్నాయి?