కొలంబో డచ్ దవాఖానా: నాటి వార్డుల్లో నేటి దుకాణాలు

నెల్లూరు తీరం నుంచి దక్షిణంగా వెళితే పులికాట్ సరస్సు వస్తుంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉన్నా, పులికాట్ ఊరు మాత్రం తమిళనాడులో ఉంది. డచ్ ఈస్టిండియా కంపెనీ 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టి, ఈ తీరపు వ్యాపారమంతా అక్కడి నుంచే నడిపింది. మన నేతగాళ్ల బట్టలు ఇక్కడ కొని, తూర్పు దీవుల్లో మసాలా దినుసులకు మార్చుకునేవారు. అదే కంపెనీ 1656లో పోర్చుగీసుల నుంచి కొలంబోను లాక్కుంది. అక్కడ కట్టిన దవాఖానా ఇప్పటికీ నిలబడి ఉంది. కాకపోతే లోపల ఉన్నది డాక్టర్లు కాదు, దుకాణదారులు.

కొలంబో ఫోర్ట్ ప్రాంతంలో ఇదే అతి పాత భవనమని చెబుతారు. 1681 నాటికే ఇది ఉంది. అర మీటరు మందం గోడలు, టేకు దూలాలు, పెంకుల కప్పు, మధ్యలో గాలి ఆడే రెండు పెద్ద ముంగిళ్లు. ఆరోజుల్లో పక్కనే కాలువ ఉండేది. నెలల తరబడి సముద్రం మీద ఉండి జబ్బుపడిన నావికులను రేవు నుంచి సులువుగా తెచ్చేవారు. కంపెనీ వైద్యుడు పాల్ హెర్మన్ 1670లలో కొలంబోలో పనిచేస్తూ సింహళ మొక్కలు సేకరించాడు. తర్వాత లిన్నేయస్ 1747లో వేసిన పుస్తకానికి అవే ఆధారం.

అయితే దవాఖానా కంపెనీ మనుషుల కోసమే. అదే కంపెనీ కరువు రోజుల్లో ఈ తీరపు పేదలను వేల సంఖ్యలో బానిసలుగా కొని, పులికాట్, నాగపట్నం రేవుల నుంచి బటావియాకు, సింహళానికి ఓడల్లో తరలించింది. ఆ అందమైన ముంగిళ్ల గురించి చెప్పేటప్పుడు ఇదీ చెప్పాలి.

1796లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. తర్వాత ఈ భవనంలో ఒక మందుల కంపెనీ నడిచింది, 1980లలో పోలీస్ స్టేషన్ పెట్టారు. 1996 జనవరి 31న దగ్గర్లోని సెంట్రల్ బ్యాంకుపై జరిగిన బాంబు దాడిలో దీనికీ దెబ్బ తగిలింది. అంతర్యుద్ధం ముగిశాక ప్రభుత్వ పట్టణాభివృద్ధి సంస్థ బాగుచేయించి, 2011 డిసెంబరులో దుకాణాలు, హోటళ్ల సముదాయంగా తెరిచింది. క్రికెటర్లు జయవర్ధనే, సంగక్కర భాగస్వాములుగా ఉన్న పీతల హోటల్ కూడా ఇక్కడే ఉంది. హనఫీ మస్లక్ వాళ్లు పీత తినరు గానీ, శ్రీలంక ముస్లింలు ఎక్కువగా షాఫియీలు, వారికి ఆ ఇబ్బంది లేదు.

గాలెలోని డచ్ ఆసుపత్రిదీ ఇదే కథ. అది కొంతకాలం టౌన్‌హాలుగా ఉండి, తర్వాత దుకాణాలయింది.

ఇక పులికాట్‌లో గెల్డ్రియా కోట శిథిలమైపోయింది. పాత డచ్ సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖ రక్షణలో ఉంది.