మాట మారినా మారని వెలుగు

విద్యాసంస్థ ధ్యేయవాక్యం చూడడానికి చిన్నది. ద్వారం మీద, ప్రగతి పత్రం మీద, విద్యార్థి చొక్కా జేబు మీద ఇమిడిపోతుంది. మరాఠీలో దానిని ‘బ్రీదవాక్య’ అంటారు. మన ‘బిరుదు’కు ఆ మాట చుట్టమే. కాని బిరుదు ఇతరులిచ్చేది. ధ్యేయవాక్యం సంస్థ తనకు తానే విధించుకొనే వ్రతం. కనుక చిరకాలంగా నడుస్తున్న సంస్థ దానిని మార్చుకోవాలంటే ఎంతో ఆలోచన అవసరం.

1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డి పర్యవేక్షణలో కౌతా రామమోహనశాస్త్రి చిహ్నాన్ని రూపొందించారు. గురుశిష్యుల అధ్యయనం తేజోవంతం కావాలనే ఉపనిషద్వాక్యాన్ని అందులో నిలిపారు. అది తొలి ఎంపిక. ఉన్నదానిని మార్చుకొన్న ఉదాహరణ ఉస్మానియాది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయపు తొలి చిహ్నంలో నిజాం కిరీటం, వెలుగుపై వెలుగు అనే అర్థమిచ్చే అరబ్బీ మాటలు ఉండేవి. 1948లో సంస్థాన పాలన అంతరించింది. అనంతరం వచ్చిన చిహ్నంలో కిరీటం లేదు. చీకటి నుండి వెలుగుకు నడిపించమని కోరే బృహదారణ్యకోపనిషత్తు ప్రార్థన ధ్యేయవాక్యమైంది. రాజ్యం మారింది, భాష మారింది. వెలుగు మాత్రం నిలిచింది.

ఈ ఉదంతం సిరోంచ ప్రాంతానికి పరాయిది కాదు. ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ సీమ 1860 వరకు నిజాం ఏలుబడిలోనిదే. తరువాత సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. 1874లో ఆ జిల్లా రద్దు కాగా చాందా జిల్లాలో తహసీలుగా మిగిలింది. 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో, 1982లో కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలో చేరింది. ఆవలి ఒడ్డున కాళేశ్వరం 2014 నుండి తెలంగాణలో ఉన్నది. ఇన్ని మార్పుల నడుమ ఇంటి భాషగా తెలుగు నిలిచింది. దాని పక్కనే మరాఠీ, గోండి, మాడియా పలుకుతున్నాయి.

అటువంటి సరిహద్దులో పాఠశాల ధ్యేయవాక్యం ఏ భాషలో ఉండాలి? సంస్కృతవాక్యానికి గాంభీర్యం ఉన్నది, రాజభాషకు అధికారం ఉన్నది. అయితే ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. బోధనకు వర్తించే న్యాయం ద్వారం మీది వాక్యానికి వర్తించకుండా ఎలా ఉంటుంది? అర్థం తెలియని వాక్యానికి పిల్లవాడు నమస్కరించగలడు గాని దానిని ఆచరించలేడు.

కాబట్టి పాత వాక్యంలోని సారాన్ని విడువరాదు. కొత్త వాక్యం నాలుగైదు మాటలకు మించరాదు. ఐదవ తరగతి బాలిక దానిని చదివి, ఇంటికి వెళ్లి తల్లికి తమ ఇంటి మాటలో విప్పి చెప్పగలగాలి. పెద్దలు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు కలసి కూర్చొని ఎంచుకొన్న ఏ వాక్యానికైనా తుది పరీక్ష ఆ బాలికే. ఆమె నోట పలికి, ఆమె నడతలో నిలిచిన నాడే ఆ వాక్యం సార్థకమవుతుంది.